నకాయా ఆగిన చోట

నా మనవరాలు నకాయా స్నానాల గదిలోకి దూరి, కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున నాటకం చెప్పుకోవడం మొదలుపెట్టిన రోజున, దానికి నాటకం నేర్పే తలీతా మీద నా కోపం ముదిరింది. కోపం అంతకుముందూ ఉంది. గొంతులో గుచ్చుకున్న చేపముల్లులా ఉండేది, అన్నం ముద్ద మింగితే పోతుందిలే అనుకునేదాన్ని. ఈసారి ఎన్ని ముద్దలు మింగినా పోయేలా లేదు.

"నీళ్ళు ఊరికే పోతున్నాయే," అని తలుపు కొట్టాను.

"చేతులు కడుక్కుంటున్నా అమ్మమ్మా!"

"ఇంతసేపా? ఎవర్నైనా చంపొచ్చావా ఏంటి?"

లోపల కిలకిలా నవ్వింది. కొళాయి మాత్రం కట్టలేదు. నేను తలుపుకి చెవి ఆనించాను. నీళ్ళే వినబడ్డాయి.

మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి పదిమంది ముందు నకాయా నోట వచ్చిన ప్రతి మాటా ముందు నా వంటింట్లో పుట్టిందే. మా న్యూ బెతనీ చర్చిలో ఈస్టర్ పలుకులు నేర్పేది నేను. ఈస్టర్ ఆదివారం నాడు పాలుమరిచిన పిల్లల దగ్గర్నుంచి మీసాలొచ్చే పిల్లల దాకా ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఒక పలుకు చెప్పి వెళ్ళాలి. చిన్నవాళ్ళకి రెండు ముక్కలు, పెద్దవాళ్ళకి పేజీడు. మిల్వాకీలో ఈస్టర్ నాటికి కూడా ఒక్కోసారి మంచు కరగదు, తెల్లబూట్లు సంచిలో పెట్టుకొచ్చి చర్చి గుమ్మంలో మార్చుకుంటారు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల ఎలా నిలబడుతుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పాదాలు దగ్గరగా, చేతులు పక్కలకి, చూపు వెనక గోడ మీది గడియారం మీద. గొంతు ఆఖరి బెంచీ దాకా వెళ్ళాలి. మొదలుపెడితే ఆగకూడదు. అయిపోయాక మోకాళ్ళు కాస్త వంచి దండం పెట్టి దిగిపోవాలి.

ఆగిందంటే మరిచిపోయిందని అర్థం. అప్పుడు చర్చి నవ్వదు, కోప్పడదు. ముందు బెంచీలోంచి ఎవరో ఒకరు "నిదానంగా తల్లీ" అంటారు. వెనక నుంచి "సాయం చెయ్యి ప్రభువా" అంటారు. ఆ మాట చెవిన పడగానే పిల్లకి పలుకు మళ్ళీ దొరుకుతుంది. మా చర్చిలో ఏ పిల్లా ఒంటరిగా మరిచిపోదు.

నకాయాకి ఆ మాట ఎప్పుడూ అవసరం రాలేదు. ఆ సంగతి నేను నలుగురిలో చెప్పుకునేదాన్ని, చెప్పుకోని రోజు తక్కువ. నాకు చదువు ఆలస్యంగా వచ్చింది కనుక పలుకులన్నీ చెవితోనే నేర్పేదాన్ని. కాగితం చూసి అది చదివేది, నేను విని పట్టుకుని దానికే తిరిగి నేర్పేదాన్ని. ఒకరి చేతి ముద్ద ఒకరు తిన్నట్టుండేది. దాని తల్లి, అంటే నా కూతురు షెరిస్, రాత్రంతా ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని చేసి పగలు పడుకుంటుంది. అందుకని పిల్ల పెరిగిందంతా నా దగ్గరే.

అలాంటిది, ఆకులు రాలే రోజుల్లో తలీతా వచ్చింది.

పేరు చూస్తే బైబిలు పేరు. 'చిన్నదానా, లెమ్ము' అని యేసుప్రభువు చనిపోయిన పిల్లను లేపినప్పుడు పలికిన మాట. మనిషిని చూస్తే షికాగో. మెడ చుట్టూ ఇంత పొడుగు శాలువా, చెవులకి చెక్క రింగులు, మనలాగే నలుపు, నవ్వితే ముందుపళ్ళ మధ్య సందు. సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద నాటకశాల వాళ్ళు ఆమెను పంపారు. ఆ నాటకశాలలో ఎండాకాలం బడి ఒకటి ఉంది. నటన నేర్పుతారు. అక్కడ నేర్చుకున్న పిల్లలకి పెద్ద కాలేజీల్లో నాటకం చదువులకి దారి దొరుకుతుంది. ఇన్నాళ్ళూ అక్కడికి పోయింది ఊరి బయట పచ్చికల మధ్య ఇళ్ళున్నవాళ్ళ పిల్లలు. అమ్మానాన్నలు కార్లో దింపేవాళ్ళు. ఊరికి ఉత్తరం వైపున్న మన పేటల పిల్లలకి ఆ ఫీజూ అందదు, రెండు బస్సులు మారే తీరికా ఉండదు. అసలు అలాంటి బడి ఉందని చెప్పినవాళ్ళే లేరు. తలీతా వచ్చి నాటకశాల వాళ్ళతో, "పిల్లలు మీ దగ్గరికి రావట్లేదంటే మీరే వాళ్ళ దగ్గరికి పోవాలి" అందట. అని, తనే మా చర్చి కింది హాలుకి వచ్చింది. ప్రతి శనివారం నాటకం క్లాసు. పైసా ఫీజు లేదు. మధ్యాహ్నం తిండి పెడుతుంది. చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ చూసుకోవాల్సిన పిల్లలు వాళ్ళను కూడా తెచ్చుకోవచ్చు. మన పిల్లలే కాదు, ఆసియా నుంచి వచ్చిన మోంగ్ కుటుంబాల పిల్లలు, దక్షిణం వైపు నుంచి మెక్సికో పిల్లలు కూడా వస్తారు.

ఇందులో ఎవరు తప్పు పట్టగలరు? నేను పట్టాను.

"అసలామె నిన్నేం చేసిందే?" అని నా స్నేహితురాలు పెర్లీన్ అడిగింది. మేమిద్దరం శుక్రవారం వేపుడు చేపల కోసం వరసలో నిలబడి ఉన్నాం.

"పిల్లల బూట్లు విప్పించింది."

"అయితే?"

"అయితే ఏంటి? నేను తుడిచిన నేల మీద వాళ్ళందర్నీ వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి పీల్చడం నేర్పుతోంది. పుట్టిన దగ్గర్నుంచి పీలుస్తూనే ఉన్నారు కదా, లేకపోతే ఇందాకా ఎలా వచ్చారు?"

పెర్లీన్ నవ్వింది. "నీకు కుళ్ళు."

"నాకెందుకు కుళ్ళు?"

"నీ వంటింటి పిల్ల ఇంకొకరి వంటింట్లో తింటోందని." పెర్లీన్ అలాగే మాట్లాడుతుంది. అందుకే ఇద్దరు మొగుళ్ళూ ఆమెకంటే ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని నేనంటాను. ఆ రోజు కూడా అన్నాను.

కానీ ఆమె అన్నది నిజమే. శనివారం సాయంత్రం అన్నం దగ్గర కూర్చుంటే 'మిస్ తలీతా' తప్ప వేరే మాట లేదు. మిస్ తలీతా గడియారం వైపు చూడొద్దంది. మిస్ తలీతా మనుషుల కళ్ళలోకి చూడమంది. మిస్ తలీతా చేతులు పక్కన వేలాడేస్తే చనిపోయిన కోడిలా ఉంటాయంది.

"చనిపోయిన కోడా?"

"నన్ను కాదు అమ్మమ్మా, అందర్నీ అంది."

"ఆ చేతులు అలా పెట్టమన్నది నేను."

నకాయా చెంచా కింద పెట్టింది. "నువ్వు చెప్పింది చర్చికి. ఆమె చెప్పేది నాటకానికి."

"నోరొకటే కదా నీకు?"

అది కంచం ముందు నుంచి లేచిపోయింది. మొక్కజొన్న రొట్టె కూడా సగం వదిలేసింది. మర్నాడు చర్చికి వెళ్ళే దారిలో చూస్తే తలకి గుడ్డ చుట్టుకుంది, తలీతా చుట్టుకున్నట్టే, అదే వైపు ముడి.

మే నెలలో ఆడిషన్ అన్నారు. శనివారం క్లాసు పిల్లల కోసం ఎండాకాలం బడిలో కొద్ది సీట్లు ఫీజు లేకుండా విడిగా పెట్టించింది తలీతా. ఒక్కొక్కరూ ఆ పెద్ద నాటకశాల వేదిక మీద ఒక ముక్క చెప్పాలి. ఎంపికైనవాళ్ళకే సీటు. నకాయా దానికోసం ఎలా ఉండేదంటే, పిలిస్తే పలికేది కాదు, పిలవకపోయినా ఉలిక్కిపడేది. ఒకరోజు గిన్నెలు తోముతూ, "నాకది రావాలి అమ్మమ్మా. ఇంకేదీ నాకు ఇంతగా రావాలనిపించలేదు," అంది. గొంతు పెద్దది చేయలేదు. అందుకే నిజమని తెలిసింది.

నాకూ రావాలనే ఉంది. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. అయితే వచ్చిన రోజున ఊరంతా తలీతా చలవ అంటుంది. నా పేరు ఎవరికీ గుర్తు రాదు. వేదిక మీది గొంతు నాది, దానికి తొడిగిన చొక్కా మాత్రం ఆమెది అవుతుంది. ఆ ఊహకే నాకు నిద్ర పట్టేది కాదు.

"ఒక్కసారి నాకు చెప్పవే ఆ ముక్క," అని అడిగాను.

"ఇంకా తయారుకాలేదు."

"తయారుకాకపోతేనే కదా నాకు చెప్పేది?"

"నువ్వు సరిచేస్తావ్ అమ్మమ్మా."

"మరి?"

"అదే." అని స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పింది.

ఆడిషన్ చూడ్డానికి ఇంటివాళ్ళను ఎప్పుడూ రానివ్వరట. తలీతాయే పట్టుబట్టి ఒప్పించింది. మమ్మల్ని పిలవడానికి చర్చి వంటగదికి వచ్చింది. నేను పెద్ద కాఫీ గిన్నె తోముతున్నాను.

"ఆ హాలు చాలా పెద్దది సిస్టర్ ఓజెల్లా. మన పిల్లలు అందులోకి అడుగుపెట్టగానే బిగుసుకుపోతారు. మీరంతా కనబడితే వాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది."

"ఊపిరి తీయడం మీరు నేర్పారుగా."

ఆమె నవ్వేసింది. పళ్ళ సందు కనబడింది. మనం ఒక మాట విసిరితే అది తగలకుండా పక్కకి పోవడం అంత చిరాకైన సంగతి ఇంకోటి లేదు.

"అయినా తప్పకుండా రండి," అంది. "మీ టోపీతో సహా."

వెళ్ళాం. నేను, పెర్లీన్, చర్చిలో తెల్లటి చేతి తొడుగులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడే మా ఆడవాళ్ళు ఇంకొందరు. నా టోపీ ఊదారంగుది, ఈకతో. ఆ భవనం ముందు నుంచే బస్సులో ఎన్నో ఏళ్ళు పనికి పోయాను. లోపల ఏముంటుందో ఎప్పుడూ అనుకోలేదు, బ్యాంకు లోపల ఏముంటుందో అనుకోనట్టే. కుర్చీలు ఎర్రటి మెత్తటివి, కూర్చుంటే మనల్ని కాస్త మింగుతాయి. మా వెనక కూర్చున్న సన్నటి అబ్బాయి ముందుకు వంగి, "అమ్మా, టోపీ కొంచెం తీస్తారా?" అని పెర్లీన్‌ను అడిగాడు.

"ఇది పెట్టడానికి గంట పట్టింది నాయనా. తీయడానికి ఇంకో గంట పడుతుంది. నువ్వే పక్కకి జరుగు." జరిగాడు.

వేదిక ముందు బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న తెల్లజుట్టు తెల్లావిడ పెద్ద. తలీతా బల్ల చివర గోడకి ఆనుకుని నిలబడింది. ముందు ఒక మోంగ్ అబ్బాయి వచ్చాడు, తర్వాత ఒక మెక్సికో పిల్ల. బాగానే చెప్పారు. మేము చప్పట్లు కొట్టాం. తర్వాత నకాయా.

ఆ వెలుగులో అది నాకు తెలిసిన పిల్లలా లేదు. ఒక చెక్కబల్ల మీద కూర్చుని, పక్కన ఎవరో ఉన్నట్టు అటు తిరిగింది. పాదాలు దగ్గరగా లేవు.

"తాతయ్యా, లే, చలేస్తోంది. బస్సు ఎక్కాల్సిన పని లేదు కదా నీకిప్పుడు. చూడు, ఇది సెంటర్ వీధి. దీని తర్వాత చేపల కొట్టు. చేపల కొట్టు తర్వాత మనిల్లు. నాకు నువ్వే కదా నేర్పావ్? తప్పిపోతే ఎవర్నీ అడగొద్దు, వీధుల పేర్లు వరసగా చెప్పుకుంటూ నడువు అన్నావ్. ఇప్పుడు నేను నీకు నేర్పుతున్నా. ఫీజేం వద్దులే..."

ఆ తాతయ్య ఎల్రాయ్. నా మొగుడు. పోవడానికి ముందు రెండు శీతాకాలాల పాటు అన్నీ మరిచిపోతూ వచ్చాడు. సాయంత్రాలు బస్సు స్టాపులో పోయి కూర్చునేవాడు, తోళ్ళ ఫ్యాక్టరీకి డ్యూటీకి పోవాలని. ఈస్టర్ రోజుల్లో నేను చర్చిలో పిల్లలకి పలుకులు నేర్పుతుంటే నకాయాయే వెళ్ళి అతన్ని ఇంటికి తీసుకొచ్చేది. తీసుకొచ్చానని మాత్రం చెప్పేది. ఎలా తీసుకొచ్చిందో ఏనాడూ చెప్పలేదు.

నాకు చెప్పని మాట తలీతాకి చెప్పింది.

"సరే, వీధులు వదిలెయ్," అంటోంది నకాయా. "ఇదొక్కటి చెప్పు. తేలికే. నేనెవర్ని తాతయ్యా?"

ఆగింది.

ఆగి, ఆ ఖాళీ వైపు చూస్తూ కూర్చుంది. కదల్లేదు. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ ఆగడం సాగుతూనే ఉంది. ఎన్నడూ మరిచిపోని పిల్ల మరిచిపోయింది అనుకున్నాను. ఇంతమందిలో, ఈ వెలుగులో, ఒంటరిగా. నా నోరు తెరుచుకుంది.

"నిదానంగా తల్లీ!"

పక్కనుంచి పెర్లీన్: "సాయం చెయ్యి ప్రభువా!"

మా వరస మొత్తం: "పర్లేదమ్మా! చెప్పు! చెప్పు బంగారం!"

బల్ల దగ్గరి ముగ్గురూ వెనక్కి తిరిగారు. తలీతా చెయ్యి ఒకటి గాల్లోకి లేచి అక్కడే ఉండిపోయింది. నకాయా నావైపు చూసింది. ఒక్క చూపు. తర్వాత దాని ఒళ్ళు దానంతటదే లేచి నిలబడింది. పాదాలు దగ్గరికొచ్చాయి. చేతులు పక్కలకి దిగాయి. చూపు వెనక గోడ మీదికి పోయి, అక్కడ లేని గడియారాన్ని పట్టుకుంది. మిగిలిన ముక్కంతా ఆఖరి కుర్చీ దాకా వినబడేలా, ఎక్కడా ఆగకుండా, గడగడా చెప్పేసింది. చెప్పి, మోకాళ్ళు వంచి దండం పెట్టింది.

మేము లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ క్షణాన నేను సంతోషించాను. తలీతా ముందు, ఆ ముగ్గురి ముందు, అది నా పిల్లలా నిలబడింది.

బస్సులో నకాయా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"మరిచిపోయినా బాగా అందుకున్నావే," అన్నాను.

"మరిచిపోలేదు."

"మరి ఎందుకాగావ్?"

"తాతయ్య జవాబు చెప్తాడని." అద్దం మీద దాని ఊపిరి తెల్లగా పరుచుకుంది. "ఆ రోజు కూడా అలాగే ఆగాను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు అమ్మమ్మా. అక్కడ ఏమీ లేకపోవడమే ముక్క."



ఎంపికైనవాళ్ళ పేర్లు బుధవారం చెప్పారు. మోంగ్ అబ్బాయి ఉన్నాడు. మెక్సికో పిల్ల ఉంది. నకాయా లేదు. అది ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఏడవలేదు. స్నానాల గదిలోకి వెళ్ళింది, కొళాయి తిప్పలేదు. ఆ రాత్రి దాని తలగుడ్డ మడత పెట్టి కుర్చీ మీద వేసి ఉంది. ఇన్నాళ్ళూ ఆ గుడ్డను చూసి ఒళ్ళు మండేది. ఇప్పుడు దాన్ని తలకి చుట్టుకోకుండా అక్కడ వదిలేసిందే అని మండింది.

"నువ్వు కావాలనే అరిచావంటున్నారు చర్చిలో," అంది పెర్లీన్.

"ఎవరు?"

"నేనే."

"నువ్వూ అరిచావుగా!"

"నువ్వు అరిస్తేనే నేనరిచాను. నాకేం తెలుసు? సైరన్ మోగితే కుక్కలన్నీ మొరుగుతాయి." తర్వాత మెత్తగా, "పోయి ఆమెతో మాట్లాడవే ఓజెల్లా," అంది.

ఎవరి గుమ్మం తొక్కకూడదనుకున్నానో ఆ గుమ్మమే తొక్కాల్సి వచ్చింది. గుమ్మం కూడా మా చర్చిదే. శనివారం క్లాసు అయిపోయాక కిందికి దిగాను. తలీతా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుతోంది. నన్ను చూసి ఆపలేదు.

"నకాయాకి ఇంకో అవకాశం అడగండి," అన్నాను.

"అడిగాను." ఇంకో కుర్చీ పేర్చింది. "బస్సు తప్పిపోయి రాలేకపోయిన పిల్లల కోసం మంగళవారం ఇంకోసారి వింటున్నారు. ఆ రోజు పెట్టించడానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. దాన్లో నకాయా పేరు కూడా ఇరికించాను. కానీ ఆ పిల్ల రానంటోంది."

"ఎందుకు?"

"నాకు చెప్పలేదు. మీకు చెప్తుందేమోననుకున్నా."

నాకూ చెప్పలేదని నేను ఒప్పుకోలేదు. కుర్చీ ఒకటి తీసి నేనూ పేర్చాను.

"ఆ ముక్కేంటో ముందే నాకు తెలిసుంటే నోరు తెరిచేదాన్ని కాదు," అన్నాను. "మా ఎల్రాయ్ గురించి అది మీకు చెప్పింది. నాకు చెప్పలేదు."

అప్పుడామె కుర్చీలు వదిలేసి నావైపు తిరిగింది. నవ్వు లేదు.

"నాకు చెప్పడం తేలిక సిస్టర్. నేనాయన్ని చూడలేదు, నేనాయన కోసం ఏడవలేదు. మీకు చెప్తే మీరేమైపోతారోనని దాని భయం. అదొకటి. రెండోది వినండి. మీ దగ్గర ఆగితే మరిచిపోయినట్టు. నా దగ్గర ఆగితే ఆలోచిస్తున్నట్టు. ఆ పిల్ల రెండు చోట్లా బతకాలి. మనిద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాగితే ఎలా?"

"నేను లాగట్లేదు."

"నేను లాగుతున్నాను," అంది తలీతా. "వచ్చిన దగ్గర్నుంచి లాగుతున్నాను. వేదిక మీద మీరు ఒక్క మాట అన్నారు, అంతే, నేను నేర్పిందంతా ఎగిరిపోయింది. మీ చేతుల్లోకి వచ్చేసింది. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. ఆ రాత్రి షికాగోలో మా అమ్మకి ఫోన్ చేసి తిట్టాను మిమ్మల్ని."

"ఏమని?"

"చర్చికింద నిలబడి చెప్పకూడదు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి ఇంకో కుర్చీ ఎత్తాను. ఆమెకి కూడా నామీద కుళ్ళు ఉందని తెలిస్తే నా ఒంట్లో ఎంత తేలిక పుట్టిందో చెప్పలేను. నా కుళ్ళు తగ్గలేదు, తోడు దొరికింది.

ఇంటికెళ్ళి నకాయా గది గుమ్మంలో నిలబడ్డాను.

"మంగళవారం వెళ్తున్నాం."

"నేను రానన్నాగా."

"ఎందుకు?"

దిండు అంచు పీకుతూ కూర్చుంది. "నువ్వు కూర్చుంటే మళ్ళీ అలాగే అయిపోతుంది. నిన్ను రావద్దనలేను. అందుకని నేనే వెళ్ళను."

అలాంటి మాట మనవరాలి నోట వింటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాకూ చివుక్కుమంది. అయినా నా నోరు సంగతి నాకు తెలుసు.

"నేను లోపలికి రాను," అన్నాను. "బయట కూర్చుంటా."

"మిస్ తలీతా లోపలుంటుంది," అంది మెల్లిగా, నా మొహం చూస్తూ.

"ఉంటుందని తెలుసు. పుండు మీద ఉప్పు రుద్దకు."

మంగళవారం టోపీ పెట్టుకోలేదు. నాటకశాల నడవాలో గోడ పక్కన బల్ల ఉంటే దాని మీద కూర్చున్నాను. ఎదురుగా బరువైన రెండు తలుపులు. తలుపు దగ్గర కాపలా మనిషి, మనవాడే, నెరిసిన గడ్డం. పేరు మిస్టర్ హోబర్ట్ అని చొక్కా మీద ఉంది. తలీతా నకాయా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళింది. ఆ చెయ్యి పడిన చోటు చూశాను. తలుపు మూసుకుంది.

కాసేపటికి నకాయా గొంతు వచ్చింది. అంత మందపు తలుపులు దాటుకుని వచ్చింది. అది ఎవరు నేర్పిన గొంతో నేను చెప్పక్కర్లేదు.

"...చేపల కొట్టు తర్వాత మనిల్లు. నాకు నువ్వే కదా నేర్పావ్?"

మిస్టర్ హోబర్ట్ తల ఇటు తిప్పాడు. "మీ పిల్లా?"

తలూపాను.

"ఇదొక్కటి చెప్పు. తేలికే. నేనెవర్ని తాతయ్యా?"

ఇక ఏమీ వినబడలేదు.

లోపల నా మొగుడు బస్సు స్టాపు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దాని మొహం చూస్తున్నాడు. పేరు నాలుక మీదికి రావడం లేదు. నేనక్కడ లేను. ఆ రోజూ లేను, ఇప్పుడూ లేను. తలీతా ఉంది. లోపల గోడకి ఆనుకుని, నాకు దక్కాల్సిన ఆ మొహాన్ని కళ్ళారా చూస్తూ ఉండి ఉంటుంది. నేను చేతి తొడుగు ఒకటి తీసి పళ్ళ మధ్య పెట్టి కరిచాను.

మిస్టర్ హోబర్ట్ ఒక అడుగు తలుపు వైపు వేశాడు. మొహంలో కంగారు. "అయ్యో, మరిచిపోయిందా పాప?" అని గుసగుసగా అని, అంతలోనే ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ పీల్చడం నాకు తెలుసు. ఏ చర్చిలో పెరిగినవాడో గానీ ముందు బెంచీలోనే పెరిగాడు. "నిదా..."

లేచి అతని చొక్కా పట్టుకున్నాను. "నోర్ముయ్యండి! మరిచిపోలేదు."

"మరేంటి?"

"ఎదురుచూస్తోంది."

అతను నా చేతి వైపు చూశాడు, నోట్లోంచి వేలాడుతున్న తొడుగు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఇద్దరం తలుపు ముందు అలాగే నిలబడ్డాం.

చివరికి లోపల నకాయా గొంతు మళ్ళీ లేచింది. ఈసారి చిన్నగా, మాటలు తెలియనంత చిన్నగా. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

తలుపులు తెరుచుకున్నాక ముందు తలీతా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాటుక చెంప మీదికి జారింది. ఆ ఏడుపు నాది. నేను బయట కూర్చున్నందుకు ఆమెకి దక్కింది. "ఉత్తరం రాస్తామనో, ఇంకో రోజు చెప్తామనో అనలేదు వాళ్ళు," అంది. "అక్కడే చెప్పేశారు. సీటు ఇచ్చారు." అని నన్ను కౌగిలించుకుంది. నేనూ కౌగిలించుకున్నాను, కానీ కాస్త గట్టిగా, ఎముకలు తెలిసేలా.

నకాయా, నేనూ బస్సు స్టాపుకి నడిచాం. సరస్సు మీది గాలి చల్లగా ఉంది. అది గెంతలేదు, అరవలేదు. బల్ల మీద నా పక్కన కూర్చుని చాలాసేపు బూటు కొసతో నేలను గీకింది.

"వినబడిందా అమ్మమ్మా?"

"సగం. ఆగిన దాకా వినబడింది. ఆ తర్వాతది చిన్నగా చెప్పావ్."

"అది చిన్నగానే చెప్పాలి."

"తలీతాకి వినబడింది."

నకాయా నావైపు తిరిగి చూసింది. అచ్చం వాళ్ళ తాతలాగే, నవ్వు రాకముందే కళ్ళు చిన్నవయ్యాయి. "నీకు విడిగా చెప్పనా? ఇక్కడే?"

"చెప్పు. నాకు చెప్పావని ఆమెకి మాత్రం చెప్పకు."

"అయితే నువ్వు తాతయ్యవి. కదలకూడదు. నేను అడిగినప్పుడు ఏమీ మాట్లాడకూడదు. ఒట్టు?"

"ఒట్టు."

కోటు గుండీలు పెట్టుకుని, ఎల్రాయ్ కూర్చున్నట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టి కూర్చున్నాను. అది నా మొహంలోకి చూస్తూ మొదలుపెట్టింది. చలేస్తోంది తాతయ్యా అంది. వీధుల పేర్లు చెప్పింది. మా బస్సు వచ్చి ముందు ఆగింది. డ్రైవరు తలుపు తెరిచి మావైపు చూశాడు. అప్పటికి నకాయా అడగాల్సింది అడిగేసింది, అడిగి, ఆగి, నా కళ్ళలోకి చూస్తోంది. నేను నోరు తెరవలేదు. డ్రైవరుకి చేత్తోనే పొమ్మని సైగ చేశాను.